రాయి పంపిన ఇంటికి

పోయిన ఆదివారం పొద్దున మా పెద్ద పంతులమ్మ కన్నుమూశారు. నేను నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడి ఉన్నాను. మా బడి ఆయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సందు మలుపు తిరిగింది. ఆమె నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. పదిహేను రోజులుగా దవాఖానలో ఉన్న మనిషి గురించి అంత పొద్దున్నే పరుగెత్తుకొచ్చి చెప్పే కబురు మరేముంటుంది?

"పోయింది చిన్న పంతులమ్మా. తెల్లారంగ పోయింది," అన్నది ఆయా. "నిన్న గూడ నన్నడిగింది, బడిగంట టైముకు కొడుతున్నవా అని."

బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. వెనకనున్న ఆవిడ, "ఏందమ్మా, నీళ్ళన్నీ నీకేనా?" అని కసిరింది. ఇంకెప్పుడైనా అయితే రెండు మాటలు అనకుండా ఊరుకునేదాన్ని కాదు. ఆ రోజు బిందె అక్కడే వదిలేసి వచ్చేశాను.

నాంపల్లి స్టేషను వెనక సందులో, ఒక పాత పెంకుటింట్లో, ఆడపిల్లల సర్కారు బడి ఒకటుంది. నాలుగు తరగతులు, ఇద్దరు పంతులమ్మలు. ఆమె పెద్ద పంతులమ్మ, నేను చిన్న పంతులమ్మ. ఎనిమిదేళ్ళు ఆమె కింద పనిచేశాను. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ సందులో ఏ ఇంట్లోనూ ఆమెకు పేరు లేదు, పెద్ద పంతులమ్మ అంటే చాలు. ఆమె గొప్పతనం గురించి రాద్దామని కూర్చోలేదు. గొప్ప అంటే ఆమెకే ఒళ్ళు మంట. నేను చెప్పుకోవలసిన తప్పు ఒకటుంది. అది చెప్పకుండా ఆమెను తలుచుకుంటే ఆ తలపులో నిజం ఉండదు.

మనిషి సన్నం, నడక వడి. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. చాక్‌పీసులు కొనాలంటే ఆబిడ్స్ దాకా నడిచే వెళ్ళేవారు. జట్కా ఎక్కుదామంటే, "ఎందుకు, కాళ్ళకు సెలవా ఇయ్యాల?" అనేవారు. దుకాణంలో ఒక్కో చాక్‌పీసు తీసి తన ముంజేతి మీద గీసి చూసేవారు. గీరుకుంటే వెనక్కి ఇచ్చేసేవారు. దుకాణదారు విసుక్కుంటే, "నీకేందయ్యా, పలక మీద గీసే పిల్లకు తెలుస్తది," అనేవారు. తిరిగి వచ్చేసరికి మోచేతి దాకా తెల్లటి గీతలు. ఆ చేత్తోనే హాజరు పిలిచేవారు.

నేను చేరిన కొత్తలో మా బడికి పెద్ద బాధ ఒకటే. పిల్లలు వచ్చినట్టే వచ్చి రెండో తరగతి కాగానే మానేసేవారు. కారణాలు రాసి పంపమని బడుల మీద పెత్తనం చేసే తాలీమాత్ దఫ్తరు నుంచి కాగితం వచ్చింది. నేను చకచకా రాసేశాను. తల్లిదండ్రుల అజ్ఞానం, ఆడపిల్లల చదువంటే అశ్రద్ధ. చక్కని ఉర్దూలో రాశానని మురిసిపోయాను కూడా. ఆమె చదివి, కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

"గిది నీకెవరు చెప్పిన్రు?"

"అందరికీ తెలిసిందే కదమ్మా."

"తల్లులు చెప్పిన్రా?"

నేను ఆ కాగితాన్ని ఇంకో మడత పెట్టాను.

"బడి మనది గాదు పిల్లా, ఆ తల్లులది. మనం కిరాయికున్నం. ఇల్లు ఎక్కడ కురుస్తుందో ఇంటోళ్ళను అడగకుంటే ఎట్ల?"

తల్లులను బడికి రమ్మని పిలిచారు. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. పొయ్యి మీద అన్నం వదిలి ఎవరొస్తారు? కొందరికి గడప దాటే అలవాటే లేదు. చిట్టీ రాసి పంపమందామంటే ఎవరికీ రాత రాదు. రెండు రోజులు లవంగం నమిలి నమిలి, మూడో రోజు ఆమె ఒక ఉపాయం పట్టుకొచ్చారు. ప్రతి గురువారం తల్లి తన బిడ్డ చేతిలో ఒకటి పెట్టి పంపాలి. బడి బాగుందనిపిస్తే చింతగింజ, ఏదైనా బాధ ఉంటే రాయి. హాజరు పిలిచేటప్పుడు పిల్ల అది చూపిస్తుంది, నేను రిజిస్టరులో గుర్తు పెట్టాలి. శుక్రవారం మాకు సెలవు. రాయి వచ్చిన ఇళ్ళకు ఆ రోజు ఆమె స్వయంగా వెళ్తారు.

మొదటి గురువారం అన్నీ చింతగింజలే. నేను సంబరపడిపోయాను. ఆమె మాత్రం తల పట్టుకున్నారు. "సర్కారోళ్ళమని భయపడ్డరు. పెండ్లివిందుల ఉప్పు తక్కువైందని ఎవరన్న చెప్తరా?" అన్నారు. రెండో వారం బేగం బజార్‌లో పప్పుల దుకాణం ఉన్న ఇంటి నుంచి ఒక పిల్ల వచ్చి, ఓణీ చెంగు విప్పి, నా బల్ల మీద గుప్పెడు సన్నరాళ్ళు కుమ్మరించింది. "మా నానమ్మ బియ్యంల ఏరినవన్ని ఇచ్చింది. ఇంకా ఉన్నయట," అంది. పెద్ద పంతులమ్మ పడీ పడీ నవ్వారు. అంతలా నవ్వడం అంతకుముందు నేను చూడలేదు. ఆ శుక్రవారం ఆ ముసలావిడ దగ్గర రెండు గంటలు కూర్చుని తిట్లన్నీ విని వచ్చారు.

ఆ రాళ్ళతోనే మా బడి మారింది. సందులో నల్లా నీళ్ళు సరిగ్గా బడిగంట వేళకే వస్తాయి. బిందెలు మోసేది ఆడపిల్లలే. మోసి పరుగెత్తుకొస్తే ఆలస్యమైందని నేను బెత్తం పట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని. ఇది ఒక తల్లి చెబితే గానీ మాకు తెలియలేదు. రోజూ అదే నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడే నాకు కూడా తట్టలేదు! నా బిందె ఆలస్యమైతే నన్ను కొట్టేవాళ్ళు లేరు కదా మరి. బడిగంట అరగంట ఆలస్యంగా కొట్టడం మొదలుపెట్టాం. దఫ్తరు వాళ్ళు ఎందుకని అడిగితే, "నల్లాను అడగండి," అని జవాబు రాశారు ఆమె.

ఇంకొక తల్లి, "నాలుగేండ్లు సదివి నా బిడ్డ మా అమ్మగారింటికి ఒక కార్డు రాయలేకపాయె. గీ సదువు ఏం జేసుకోను?" అన్నదట. ఆ మాట పట్టుకుని నాలుగో తరగతికి కార్డు రాయడం పెట్టారు. శనివారం పిల్లలు తల్లి చెప్పిన మాటలు మనసులో పెట్టుకుని వచ్చి కార్డు మీద రాసేవారు. "అమ్మమ్మా, మా అమ్మకు ఒంట్లో బాగలేదు, నువ్వు రా" అని ఒక పిల్ల రాస్తే మేమిద్దరం ముఖాలు చెరో దిక్కు తిప్పుకున్నాం.

ఆమె తరచూ అనే మాట ఒకటుంది. "రాయి పంపిన ఇల్లు మన మీద ఆశ పెట్టుకున్న ఇల్లు. రాళ్ళు ఆగిపోయినప్పుడు భయపడాలె."

ఇక నా సంగతికి వస్తాను.

పట్టాల అవతల నుంచి ఒక పిల్ల వచ్చేది. రాజమణి. తండ్రి స్టేషనులో మూటలు మోస్తాడు. అంటరానివాళ్ళని మేం దూరం పెట్టే ఇళ్ళ పిల్ల. పెద్ద పంతులమ్మే పేరు రాసుకుని నా రెండో తరగతిలో కూర్చోబెట్టారు. ఆమె ముందు కాదనే ధైర్యం నాకు లేదు. అలాగని మనసులో ఉన్నది పోలేదు. పిల్లను తలుపు దగ్గర, అందరికీ ఎడంగా కూర్చోబెట్టాను. అందరి పలకలూ చేత్తో పట్టుకుని దిద్దేదాన్ని. రాజమణి మాత్రం పలక నేల మీద పెట్టి వెనక్కి జరగాలి, నేను నిలబడే చూసి తప్పో ఒప్పో చెప్పాలి. ఇంట్లో అత్తగారు ఊరుకోదని నాకు నేను చెప్పుకునేదాన్ని. అత్తగారు బడికి వచ్చి చూసిందా ఏమన్నా! చేసింది నేను.

పిల్ల చురుకైనది. లెక్క చెప్పడం పూర్తి కాకముందే జవాబు వేళ్ళ చివర ఉండేది. ఒప్పు అంటే నవ్వేది. నా ముఖం చూసి ఆ నవ్వు మధ్యలోనే ఆపేసేది.

ఒక గురువారం రాజమణి చేతిలో రాయి ఉంది. పట్టాల పక్కన దొరికే నల్ల కంకర. అది ఎవరి మీద ఫిర్యాదో నాకు తెలియదా? ఆ శుక్రవారం పెద్ద పంతులమ్మ ఆ ఇంటికి వెళ్తారు, తల్లి నా పేరు చెబుతుంది. నా కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత రాజమణి పేరు పక్కన చింతగింజ గుర్తు పెట్టాను. పిల్ల నా ఎదురుగానే నిలబడి ఉంది. ఏ గుర్తు ఎలా ఉంటుందో దానికి తెలుసు. రాయి గుప్పిట్లో మూసుకుని తలుపు దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

తర్వాతి గురువారం మళ్ళీ రాయి. ఆ తర్వాత మళ్ళీ. నాలుగు వారాలు నాలుగు రాళ్ళు, నాలుగు అబద్ధపు గుర్తులు. ఐదో వారం పిల్ల ఉత్త చేతులతో వచ్చింది. ఆరో వారం రాలేదు.

పెద్ద పంతులమ్మ ఊరుకుంటారా? శుక్రవారం వెళ్ళారు, శనివారం బడి వదిలాక నన్ను పిలిచారు. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది.

"తల్లి నాలుగు రాళ్ళు పంపిన అంటుంది. రాయి పంపితే పెద్ద పంతులమ్మ వస్తదని చెప్పిన్రు, ఎదురుచూసి ఎదురుచూసి మానుకున్న అన్నది. మరి గివేంది బిడ్డా?"

నేను భోరుమన్నాను. ఆమె నన్ను ఆపలేదు, దగ్గరికి తీసుకోలేదు.

"ఏడ్వకు. నువ్వు ఏడిస్తే నేను నిన్ను ఓదార్చాలె. ఇప్పుడు ఓదార్పు కావల్సింది నీకు గాదు. పో, ఆ ఇంటికి పోయి ఆ తల్లి ముంగట కూసో. ఏమంటదో విను. గంతే, ఇంకేం చెయ్యకు."

దఫ్తరుకు ఒక్క ముక్క రాస్తే నా ఉద్యోగం పోయేది. రాయలేదు. వెళ్ళమని మాత్రమే అన్నారు. నేను సరేనన్నాను.

వెళ్ళలేదు.

మొదటి వారం జ్వరం అన్నాను. తర్వాత వాన అన్నాను. ప్రతి శనివారం ఆమె లవంగం బుగ్గకు నొక్కిపెట్టి, "పోయినవా?" అని అడిగేవారు. ఒక శనివారం ఇక తట్టుకోలేక, "పోయి వచ్చానమ్మా," అన్నాను. ఆమె నా కళ్ళలోకి చూసి, "మంచిది," అన్నారు. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఎంత సిగ్గులేని హమ్మయ్య!

ఆ ఎండాకాలం ఆబిడ్స్‌లో కొత్త మేడ ఒకటి కడుతున్నారు. చీర కొనుక్కుని వస్తూ చూశాను. నెత్తి మీద ఇటుకలతో నిచ్చెన మెట్లు ఎక్కుతోంది రాజమణి. పదేళ్ళు కూడా లేవు. పైనున్న మేస్త్రీ ఎన్ని అని అరిచాడు. చూడకుండానే, "ఎనిమిది," అంది. నన్ను చూసిందో లేదో తెలియదు. నేను మాత్రం కొత్త చీర పొట్లం చంకలో దాచుకుని రోడ్డు దాటేశాను.

నాలుగేళ్ళు గడిచాయి. పెద్ద పంతులమ్మకు దగ్గు పట్టుకుంది. యుద్ధం రోజులు, మందులు దొరకడం కష్టంగా ఉండేది. దగ్గుతూనే శుక్రవారాలు తిరిగేవారు. చివరికి దవాఖానలో చేర్చారు. నేను రోజూ వెళ్ళేదాన్ని. పోవడానికి రెండు రోజుల ముందు, ఎవరూ లేకుండా చూసి అడిగారు.

"రాజమణి తల్లి ఎట్లున్నది?"

ఇన్నేళ్ళలో ఆమె నోట మళ్ళీ ఆ పేరు రావడం అదే మొదలు. "బాగుందమ్మా," అన్నాను.

"చిన్నపిల్ల నిన్ను గుర్తుపడుతదా?"

ఆ ఇంట్లో చిన్నపిల్ల ఉందని కూడా నాకు తెలియదు. "పడుతుందమ్మా," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. మునుపటి బలం లేదు, ఎముకలే తగిలాయి. "జర జల్ది పో బిడ్డా," అన్నారు. మా ఇంటికి తొందరగా వెళ్ళమంటున్నారని అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. లేచి వచ్చేశాను కూడా.

ఆదివారం ఆమె పోయారు. నిన్న శుక్రవారం నేను పట్టాలు దాటాను.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పెద్ద పంతులమ్మ కూర్చునే ఇల్లేదంటే వాడలో అందరూ చూపించారు. తల్లి గుమ్మంలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. చావు కబురు ఆమెకు ముందే తెలుసు, కళ్ళు వాచి ఉన్నాయి. నేనెవరో చెప్పాను. చేట పక్కన పెట్టింది.

"నువ్వేనా చిన్న పంతులమ్మ? కూసో. నాలుగేండ్ల సంది నీ మాటే. పెద్ద పంతులమ్మ శుక్రారం శుక్రారం వస్తుండె. 'మా చిన్న పంతులమ్మ తప్పు జేసింది, గా తప్పు ఆమెను తింటుంది, రానీకి మొకం చెల్లుత లేదు, అందుకే నేనొచ్చిన' అంటుండె. ఆమె రాదమ్మా, నీకెందుకు ఫికరు అని నేనంటే, 'వస్తది. నా బిడ్డ వస్తది' అంటుండె."

నేను నేల మీద కూర్చుండిపోయాను. పెద్ద పంతులమ్మకు తెలుసు. మొదటి అబద్ధం నుంచి ఆఖరి అబద్ధం దాకా అన్నీ తెలుసు. నేను వెళ్ళవలసిన శుక్రవారాలన్నీ ఆమె నడిచారు. ఆ దగ్గుతో, ఆ ఎండలో, నా బదులు నడిచారు. దవాఖానలో నా అబద్ధం విని కూడా నా చెయ్యి వదల్లేదు. అమ్మా, ఒక్క చెంపదెబ్బ కొట్టి ఉంటే ఆ రోజే వచ్చేదాన్ని కదా!

"రాజమణి ఎలా ఉంది?" అని అడిగాను. నాలుగేళ్ళ కిందట అడగవలసిన మాట.

"పోయినేడు పెండ్లి జేసినం. దూరం. కార్డు వస్తది అప్పుడప్పుడు." లోపలికి వెళ్ళి తెచ్చి చూపించింది. పైన విలాసం ఎవరిదో చేతిరాత. వెనక తిప్పితే కార్డంతా ఖాళీ, నడుమ నాలుగే అక్షరాలు. రాజమణి.

"దానికి గంతే వస్తది. కార్డు రాసుడు నాలుగో తరగతిల చెప్తరట గద, గాడిదాక రాకపాయె. మొగునింట్ల సంగతి వేరేటోళ్ళతోని ఎట్ల రాయిస్తది? పేరు రాసి పంపుతది. పేరు చూసి, బతికున్నదని నేను అనుకుంట. సుకంగున్నదో లేదో నాకెట్ల తెల్వాలె, చెప్పు?"

 ఆ ఖాళీ జాగా అంతా నేను చేసిందే. వినమని మాత్రమే చెప్పారు కదా పెద్ద పంతులమ్మ. విన్నాను. తిట్టింది, విన్నాను. ఏడ్చింది, విన్నాను. చాలాసేపటికి తల్లి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంకో బిడ్డ ఉన్నది. ఆరేండ్లు. దాన్ని పంపుమని పెద్ద పంతులమ్మ అడుగుతనే ఉండె. ఆమె ముంగట సరే అన్న. ఇప్పుడు ఆమె లేదు. నేను ఇగ రాళ్ళు గీళ్ళు పంప. మొకం మీదనే చెప్త. నా బిడ్డను తలుపు కాడ కూసోపెట్టొద్దు. రైళ్ళు తిరుగుతుంటయి, రేపు నువ్వే వచ్చి చెయ్యి పట్టుకొని దాటియ్యాలె. చెయ్యి పట్టుకోవాలె, ఇనబడ్డదా? పట్టుకోలేనంటే ఇప్పుడే చెప్పి పో."

"పట్టుకుంటాను," అన్నాను.

ఈ పొద్దున వెళ్ళాను. పిల్లకు నూనె పెట్టి జడలు గట్టిగా బిగించి కట్టింది తల్లి. చెయ్యి చాపాను. పిల్ల తల్లి ముఖం చూసి, తర్వాత నా వేళ్ళు పట్టుకుంది. పట్టాల దగ్గరికి వచ్చేసరికి గేటు వేశారు. గూడ్సుబండి ఒకటి మెల్లగా, ఎంతకీ తరగకుండా పోతోంది. పిల్ల నా చెయ్యి లాగింది. ఆ మోతలో వినబడక వంగాను.

"పెద్ద పంతులమ్మ నాకు పలక మీద దిద్దిపిస్త అన్నది. బడిల ఉన్నదా?"

పెద్ద పంతులమ్మ పోయిన సంగతి తల్లి దానికి చెప్పలేదు.  డబ్బాలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. పిల్ల జవాబు కోసం నా ముఖంలోకే చూస్తూ, నా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.